బూడిద ఇటుకల బోణీ

శక్తినగర్ దగ్గర ఇటుకల ఫ్యాక్టరీ పెట్టిన నాగభూషణం సేట్ జీవితం గురించి నాలుగు పేజీలు రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. అయినా ఇంట్లోంచి కదిలించింది మాత్రం మా మేనత్త సరోజ. ఆమె గబ్బూరు బడిలో టీచరు. అక్కడ ఆడపిల్లలు కూర్చుని చదువుకోవడానికి ఒక పుస్తకాల గది మొదలుపెట్టారు. నిరుడు ఉగాదికి సేట్ పంపిన లారీ ఇటుకలతో గోడలు కిటికీల ఎత్తుకు లేచాయి. ఈ ఉగాదికి రావలసిన లారీ రాలేదు. దీపావళి తర్వాత సేట్ పోయారు. వానలు మొదలైతే మేస్త్రీలు పొలాలకు వెళ్లిపోతారు, పిల్లలు ఇంకో ఏడాది వరండాలోనే చదువుకోవాలి. "నువ్వు ఆయన కథ రాసుకుందామని పోతవు గద, ఆ ముచ్చట జర అడిగి రా," అంది అత్త. అడగడం నాకు చేతకాదని ఆమెకు తెలుసు. కాన్వెంటులో సిస్టర్లు పిలిస్తే లేచి జవాబు చెప్పడం నేర్పారు. పిలవకుండా మాట్లాడడం నేర్పలేదు.

రాయచూరు బస్టాండులో శక్తినగర్ బస్సులు తెల్లవారగానే దొరుకుతాయి, ప్రయాణం ముప్పావు గంటకు మించదు. కర్ణాటక ఆడవాళ్లకు ప్రభుత్వ బస్సులో ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే సున్నా అని అచ్చువేసిన టికెట్ ఇస్తారు. బయట బండి మీద వగ్గాణి, రెండు మిర్చీ బజ్జీలు తిన్నాను, నలభై రూపాయలు. బొరుగుల ఉప్మా లాంటి ఈ వగ్గాణి ఎండలో తిరిగేవాళ్లకు మంచిది, కడుపు బరువుగా ఉండదు. మిర్చీల సంగతి చెప్పలేను.

ఎక్కడ దిగాలో కండక్టర్‌తో చెప్పడానికి రెండు సార్లు గొంతు సవరించుకున్నాను. "ఇటుకల ఫ్యాక్టరీ" అన్నాను.

"సేట్ ఫ్యాక్టరీనా? ఆడ స్టాప్ లేదమ్మా," అన్నాడాయన. నా మొహం చూసి నవ్వాడు. "లేకున్న ఆపుత. సేట్ ఉన్నప్పుడు బస్సు ఆపిచ్చి మరీ మజ్జిగ తాపుతుండె. ఇప్పుడు మజ్జిగ లేదు గని, బ్రేకుకు అలవాటాయె."

బొగ్గుతో కరెంటు తయారుచేసే కేంద్రం పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనబడతాయి. దగ్గరపడేకొద్దీ రోడ్డు పక్క తుమ్మచెట్ల ఆకులు బూడిద రంగుకు తిరుగుతాయి. నేను దిగేసరికి ఫ్యాక్టరీ ఆవరణలో ఇటుకలు లారీలకెక్కిస్తున్నారు. ఇంకా ఒక్క బండి కూడా గేటు దాటలేదు.

ఆఫీసులో ఇద్దరున్నారు. ఒకరు సేట్ కూతురు పద్మజ, ఇప్పుడు ఫ్యాక్టరీ నడుపుతున్నది ఆమే. రెండోవారు సేట్ అన్నగారు. ఆయన్ని అందరూ పెద్ద సేట్ అంటారు. పేము కుర్చీలో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటున్నారు. బల్ల మీద ఊరగాయ సీసా ఒకటి, దాని నిండా సుద్దముక్కలు. నేను సీసా వంక చూస్తుంటే పద్మజ దాన్ని నా వైపు జరిపింది. సేట్ కథ రాసుకుంటానని చెప్పి నేను పెన్సిల్ తీశాను.

"మాది పల్లినూనె మిల్లుండె, రాయచూరుల. అది మూతపడ్డది," అని మొదలుపెట్టింది. "అప్పటికే ఈడ కరెంటు తయారైతున్నది. సుట్టుపక్కల ఊర్లల్ల ఆరేసిన బట్టల మీద బూడిద, అన్నం మీద బూడిద. అందరు తిట్టుకుంటుంటే నాయన ఒక సంచి నింపుకొని ఇంటికొచ్చిండు. సున్నం, జిప్సం కలిపి ఇటుక చేస్తడంట."

"ఇంటి నిండ బూడిద చేసిండు," అన్నారు పెద్ద సేట్. "మొదటి ఇటుకలు వానకు పెరుగన్నం లెక్క జారిపోయినయి. బూడిదల పోసిన పన్నీరంటే ఇదేరా తమ్మీ, అని నేనన్న. పన్నీరు తక్కువైందన్నా, ఇంక జర పోస్త, అన్నడు!" ఆయన విసురుకోవడం ఆపారు.

ఇటుక నిలబడ్డాక కొనేవాళ్లు వచ్చారు. ఒక ఉగాదినాడు ఇడపనూరు నుంచి ఒక హెడ్మాస్టరు వచ్చి, బడికి గోడ కావాలి, పైసలు లేవు అన్నారట. పొద్దున్నే వచ్చిన మొదటి బేరం. "బోణీ బేరం ఊరికే ఇస్తే ఎట్ల సార్, చేతిల ఏమన్న పెట్టున్రి, అన్నడు నాయన. ఆయన జేబుల సుద్దముక్క తప్ప ఏం లేదు. అదే తీసుకొని లారీ పంపిండు. అప్పటి సంది ఏటా ఉగాదికి మొదటి లారీ ఒక బడికి, బోణీ ఒక సుద్దముక్క." ఆ బళ్లలో ఎక్కడా సేట్ పేరు కనబడదని నాకు తెలుసు. ఎందుకని అడిగాను. "సరుకు అమ్మినోని పేరు గోడ మీద ఎందుకమ్మా, అంటుండె," అంది పద్మజ.

ఇక అత్త మాట మిగిలింది. అడిగాను. నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు.

"ఏటిసూతకం బిడ్డా," అన్నారు పెద్ద సేట్, కోపం లేకుండానే. "ఈ ఏడు ఉగాదే చేయలె మేము. పచ్చడి గూడ నాలిక మీద పెట్టలె. మామిడాకులు కట్టి, టెంకాయ కొట్టి సాగనంపే బండి అది. శుభకార్యం. సంవత్సరీకం అయినంక చూద్దాం."

సంవత్సరీకం అంటే వానలన్నీ అయిపోయాక. పద్మజ సీసాను మళ్లీ తన వైపు లాక్కుని కిటికీ వంక చూసింది. పంపాలని ఆమెకూ ఉందని అర్థమైంది. కిటికీలోంచి చూస్తే ఇటుకలెక్కుతున్న లారీలు.

"మరి ఆ బండ్లు?" అన్నాను.

"అవి అమ్మకాలు. యాపారం బందు పెడితే కూలోళ్లు ఏం తినాలె?" అన్నారు పెద్ద సేట్.

"సుద్దముక్క తీసుకున్నారంటే, బడికి పంపేది కూడా అమ్మకమే కదండీ," అన్నాను. ఎవరూ పిలవకుండా, లేచి నిలబడి మరీ అన్నాను.

పెద్ద సేట్ నన్ను పైనుంచి కిందికి చూశారు. "ఎవరి పిల్లవు నువ్వు?"

"రాయచూరు తీన్ కందీల్ దగ్గర మా తాతది చింతపండు దుకాణం."

"గట్ల చెప్పు! ఇది బడిల నేర్పిన మాట కాదనుకుంట, దుకాణం మాట." తమ్ముడి కూతురి వైపు తిరిగారు. "పద్మా, మామిడాకులు లేవు, టెంకాయ లేదు. ఉత్త అమ్మకం. మీ నాయన అమ్మకమే అన్నడు గద, అమ్ముదాం." మళ్లీ నా వైపు చెయ్యి చాపారు. "బోణీ ఏది?"

నా దగ్గర సుద్దముక్క లేదు. కంగారులో సంచిలో చేతికి దొరికింది తీసి ఇచ్చాను. అది బస్సు టికెట్.

"హరహరా! బోణీకి సున్నా పెడ్తవా? తాళం గూడ తెచ్చినవా, ఫ్యాక్టరీకి ఏస్కుంట?" పద్మజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను రాసుకుంటున్న పెన్సిల్ ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని కళ్లకద్దుకుని పద్మజకిచ్చారు. ఆమె కూడా కళ్లకద్దుకుని సీసాలో సుద్దముక్కల మధ్య నిలబెట్టింది.

ఆ రోజు గేటు దాటిన మొదటి లారీ మాదే. పద్మజ కూడా వచ్చింది. దారి మళ్లీ రాయచూరు మీదుగానే, అక్కడి నుంచి దేవదుర్గ రోడ్డు. లారీ నడిపే ఖాజా భాయి కొంత దూరం పోయాక, "అక్కా, నిరుడు సేట్ సాబ్ ఈ సీట్లనే కూసున్నడు," అన్నాడు. "ఒకటే ముచ్చట్లు. వింటవింట నేను గబ్బూరు దాటిపోయిన. నువ్వు ఆపలేదేందిరా అని నన్నే తిట్టిండు!" పద్మజ గట్టిగా నవ్వింది. తర్వాత చాలాసేపు కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నానికి గబ్బూరు చేరాము. అత్త వంటింటి గరిటెతోనే బయటికి పరుగెత్తుకొచ్చింది. జొన్నరొట్టె, పుండికూర పెట్టింది. పుండికూర అంటే గోంగూరే. ఎండ తగ్గాక పాత గుళ్లు చూడవచ్చు, చాలావాటికి టికెట్ లేదు, అన్నీ నడిచేంత దూరంలోనే ఉన్నాయి. రాతి మీద శాసనాలు చెక్కించినవాళ్లు తమ పేర్లు ఎంత శ్రద్ధగా రాయించుకున్నారో చూసి తిరిగి బడికి వస్తే, లారీ దించిన ఇటుకలు గోడ పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. మేస్త్రీ దారం కట్టి చూసుకుంటున్నాడు. సాయంత్రం బస్సుకు రాయచూరు వచ్చేశాను.

ఒక మనిషి జీవితం రాయడానికి వెళ్లి, సగంలోనే పెన్సిల్ ఇచ్చేసి వచ్చాను. అందుకే పైన రాసినదాంట్లో రెండో సగం గుర్తున్నంతే. సేట్ ఏ ఏట పుట్టారో, మిల్లు ఎప్పుడు మూశారో అడగనేలేదు. అయినా ఆయన గురించి నాకు తెలియవలసింది తెలిసిందనిపిస్తోంది. దానం తీసుకున్నవాళ్లు తల వంచుకోవాల్సి వస్తుంది. బోణీ చేసినవాళ్లు తల ఎత్తుకునే లారీ ఎక్కుతారు, నేను ఎక్కినట్టే. మీరు వెళ్తే పొద్దున మొదటి లారీ కదలకముందే వెళ్లండి, రెండు పెన్సిళ్లు పట్టుకెళ్లండి.