ఎర్ర దారం కట్టిన సీసా

తిరువూరు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. నాకు చెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి సర్దుతూనే ఉండాలి. ఆ జబ్బే నా కొంప ముంచింది.

నాకు ముందు ఈ కుర్చీలో ఉన్నది నాకు పాఠాలు చెప్పిన సారే. రిటైరై ఎ.కొండూరులో ఉంటున్నారు. వయసులో ఉండగా రామేశ్వరం జాలర్ల వలలో పడ్డ మెత్తటి పగడం ముక్కలు మూడు తెచ్చి, స్పిరిట్లో వేసి, మిగతావాటిలో కలవకుండా మూతకి ఎర్ర దారం కట్టి, విడిగా ల్యాబు బీరువాలో దాచారు.

"నా కళ్ళకి మైక్రోస్కోపు ఆనడం లేదమ్మా. అదేంటో నువ్వు తేల్చు. నేను పోయేలోగా దానికో పేరుండాలి" అన్నారు.

ఈ పగడాన్ని పైకి చూసి పోల్చలేం. ఒంట్లో సన్నటి సున్నపు ముళ్ళుంటాయి. గోరంత ముక్క మీద బ్లీచ్ చుక్క వేస్తే కండ కరిగి అవి మిగులుతాయి. మొదటిసారి చూసి "అమ్మ బాబోయ్" అన్నాను. ఒక్కో ముల్లుకీ ఒకవైపే పళ్ళు, దువ్వెనకున్నట్టు. ఏ పుస్తకంలోనూ అలాంటిది లేదు. ఫోన్లో ఫోటో తీస్తే మసగ్గా వచ్చింది. సార్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"ముందు బొమ్మలు గీసెయ్యమ్మా."

"ప్రాక్టికల్స్ అవ్వనివ్వండి సార్" అని స్లైడు కడిగేశాను.

ఎగ్జామినర్లు చూడాలని ఆ సీసాని గొప్పగా మిగతా సీసాల వరసలో పెట్టాను. పరీక్షల ముందు సీసాలన్నిట్లో ఫార్మలిన్ నింపడం మా ల్యాబులో ఆనవాయితీ. కళ్ళు మండుతున్నా నింపుకుంటూ పోయాను, ఎర్ర దారం ఉన్నదాన్ని కూడా.

కొన్ని వారాలకి సీసా అడుగున ఎప్పుడూ ఉండే తెల్లటి రజను కనపడలేదు. నీళ్ళు తేటపడ్డాయని మురిసిపోయాను, నా మొహం.

పరీక్షలయ్యాక ముక్క తీశాను. ఇదివరకు ఇసుకలా గరగరలాడేది వేళ్ళ మధ్య జారిపోయింది. బ్లీచ్ వేశాను. నురగ ఆగాక అద్దం మీద ఏమీ లేదు. రెండో ముక్క తీశాను, అదీ అంతే. మూడోది తియ్యాలంటే భయమేసింది. అయినా చూశాను. ఒక్క ముల్లూ లేదు. నిలవున్న ఫార్మలిన్ సున్నాన్ని తినేస్తుందని ఏటా క్లాసులో చెప్పేది నేనే. సిగ్గు లేదూ నాకు?

బొమ్మలు చూద్దామని మర్నాడు సార్ నాకు చెప్పకుండానే బస్సెక్కి వచ్చేశారు. మూత తీసి వాసన చూసి, స్టూలు మీద కూలబడ్డారు.

"వరసలో పెట్టావా అమ్మా?"

తలూపాను. తిడితే బాగుండేది.

"ఒక్క సీసా కూడా వెలితిగా ఉండకూడదని నీకు నేర్పింది నేనేగా" అన్నారు.

లేచి, ఎర్ర దారం విప్పి జేబులో వేసుకున్నారు.