నన్ను నడిపించిన మణెమ్మ టీచర్

వాన వెలిసిన సాయంత్రాల్లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బొగ్గులపై కాలుతున్న మొక్కజొన్న కంకుల వాసన తగిలితే నేను ముందుకు కదలలేను. నిన్న కూడా బండి దగ్గర ఆగాను. కంకి కాల్చే ఆమె ఉప్పు, కారం అద్దబోతుంటే, వద్దని చెప్పడానికి పక్కన ఎవరో ఉన్నట్టు తిరిగి చూశాను. ఎవరూ లేరు. మణెమ్మ టీచర్ పోయి అప్పుడే కొన్నేళ్లయింది.

మేం తెనాలి వైపు నుంచి వచ్చి ఆమె ఇంట్లోనే పై పోర్షన్‌లో అద్దెకు దిగాం. ఆమెది నల్లగొండ దగ్గర పల్లె. ప్రభుత్వ బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరై, కింద కొడుకుతో ఉండేవారు. ఎత్తుగా, నిటారుగా, వీధి చివరి దాకా వినపడే గొంతుతో. అప్పట్లో మా మధ్య పలకరింపులే తప్ప పెద్ద స్నేహం లేదు.

ఎల్‌బీ నగర్‌లో నేను పనిచేసే స్కూల్లో ఒకరోజు పాఠం చెబుతూ ఊపిరాడక కూలబడ్డాను. చిన్నతనంలో కీళ్ల నొప్పులతో వచ్చిపోయిన జ్వరం ఇన్నేళ్లుగా గుండె కవాటాన్ని పాడుచేస్తూ వచ్చిందని డాక్టరు చెబుతుంటే, ఇంకెవరి గురించో మాట్లాడుతున్నారనుకున్నాను. ఆ దిగ్భ్రమ తీరకముందే రొమ్ము ఎముక కోసి, కొత్త లోహపు కవాటం పెట్టి ఇంటికి పంపారు.

గది నిశ్శబ్దంగా ఉంటే నా ఛాతీలోంచి టిక్ టిక్‌మని వినిపించేది. నిద్రపోతే అది ఆగిపోతుందేమోనని భయం. దగ్గు వస్తే దిండును గుండెకు హత్తుకుని, కుట్లు విడిపోతాయేమోనని వణికేదాన్ని. డాక్టరు నడవమన్నా మంచం దిగలేదు. మావారు బతిమాలారు, కోప్పడ్డారు, చివరికి కిందికి వెళ్లి మణెమ్మ టీచర్‌తో చెప్పుకున్నారు.

ఆమె వచ్చి మంచం మీద కూర్చున్నారు. ఎలా ఉందని అడగలేదు. అదేదో చప్పుడు వస్తోందట కదా, వింటానన్నారు. నేను తలూపేలోపే వంగి నా ఛాతీకి చెవి ఆనించారు. నేను బిగుసుకుపోయాను. ఆపరేషన్ తర్వాత అక్కడ చెయ్యి వేయడానికి మావారు కూడా జంకేవారు. ఆమె కళ్లు మూసుకుని తీరిగ్గా విన్నారు.

"మంచిగనే నడుస్తున్నది," అన్నారు లేస్తూ. "ఇగ నువ్వు నడువు."

ఆ రోజు వరండా చివరి దాకా. తర్వాత మెట్లు దిగి గేటు దాకా, మరికొన్నాళ్లకు మెయిన్ రోడ్డు దాకా. పడిపోతే ఎలా అక్కా అని ఎన్నిసార్లు అడిగానో.

"పడితే లేపుత. గా మాత్రం దానికి ఇంట్ల కూసుంటవా?"

సాయంత్రం నడకల్లో కంకుల బండి దగ్గర నా కంకికి ఉప్పు లేకుండా నిమ్మచెక్క ఒక్కటే రుద్దించేవారు. తనకు మాత్రం ఉప్పూ కారం దండిగా ఉండాలి. నిక్కర్లు వేసుకుని ఆడితే పరువు పోతుందన్న తల్లిదండ్రుల ఇళ్లకు వెళ్లి, వాళ్లను ఒప్పించి ఆడపిల్లల్ని వాలీబాల్ పోటీలకు ఎలా తీసుకెళ్లారో చెప్పేవారు. వింటూ ఎంత దూరం వచ్చానో చూసుకునేదాన్ని కాదు.

ఆ ఉదయం కూడా మెట్రో స్తంభాల పక్కన అదే కబుర్లలో ఉన్నాం. మధ్యలో ఆగిపోయారు.

"సుజాతా, జర కూసుంట," అని, ఇంకా తెరవని షాపు మెట్టు మీద కూర్చున్నారు. ముఖమంతా చెమట. ఎండేమో అనుకుని కొంగుతో విసరబోయాను. ఆమె నా వైపు ఒరిగిపోయారు.

బరువులు ఎత్తకూడదన్న సంగతే నాకు గుర్తు లేదు. చంకల కింద చేతులు వేసి లేపబోయాను. లేవలేదు. ఒక ఆటో డ్రైవరు పరుగున వచ్చి, మరో ఇద్దరి సాయంతో ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు. దగ్గర్లోని ఆసుపత్రిలో డాక్టరు చూసి, గుండెపోటని, ప్రాణం పోయిందని చెప్పారు. ప్రతి మాటా వినబడింది. ఒక్కటీ లోపలికి వెళ్లలేదు.

"పేషెంటును నేనండీ," అన్నాను. "ఆపరేషన్ నాకు జరిగింది."

ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు.

కాసేపటికి ఆమె కొడుకు వచ్చాడు. కొన్ని రోజులుగా అమ్మ భుజం లాగుతోందంటోందని, వాము నములుతోందని గోడ వైపు చూస్తూ చెప్పాడు. "గ్యాస్ అన్నది. నేను గూడ గ్యాసే అనుకున్న," అన్నాడు.

మర్నాడు ఆమె దగ్గర ఆడిన పిల్లలు, ఇప్పుడు తల్లులైనవాళ్లు, ఇల్లంతా నిండిపోయి ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత చాలా రోజులు నడక వేళకు చెప్పులు వేసుకుని వరండాలో నిలబడేదాన్ని, కింద తలుపు చప్పుడు కోసం. ఒక ఉదయం అలా నిలబడి నిలబడి, ఏడుస్తూనే మెట్లు దిగి ఒక్కదాన్నే వెళ్లాను.

ఈమధ్య మా అమ్మాయితో ఎల్‌బీ నగర్‌లో నడుస్తుంటే, ఎప్పుడూ నువ్వే రోడ్డు వైపు ఎందుకు వస్తావమ్మా అని అడిగింది. అప్పుడు తెలిసింది. మణెమ్మ టీచర్ ఎప్పుడూ బండ్లు వచ్చే వైపు తానుండి, నన్ను షాపుల వైపు ఉంచేవారు. ఆమె ఉన్నన్నాళ్లూ అది నాకు తట్టనే లేదు.

విజయవాడ బస్సు ఒకటి హారన్ కొడుతూ దూసుకొచ్చింది. అమ్మాయి భుజం పట్టి ఇంకాస్త లోపలికి జరిపాను.