సాయంత్రపు కొలత

మనుషులు వయసు దగ్గరా బరువు దగ్గరా అబద్ధమాడతారని అందరికీ తెలుసు. కాలి నంబరు దగ్గర ఆడే అబద్ధం మాత్రం బూట్ల కొట్టువాళ్ళకే తెలుసు. ఎనిమిది పట్టే పాదాన్ని ఏడులో కుక్కి, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా "అబ్బే, చక్కగా సరిపోయిందండీ" అనే పెద్దమనుషుల్ని కొలత బాబాయి ముప్పై ఒక్క ఏళ్ళుగా చూస్తున్నాడు.

కొలత బాబాయి అంటే బూట్ల దుకాణంలో కురచ పీట మీద కూర్చునే మనిషి. ఆ పీటకు ముందువైపు వాలుగా ఒక పలక ఉంటుంది. వచ్చినవాళ్ళు దానిమీద కాలు పెడితే, ఇత్తడి కొలబద్దకు మడమ ఆనించి, బొటనవేలి దగ్గర బిళ్ళ జరిపి నంబరు చెబుతాడు. నిజానికి ఆయనకు కొలబద్ద అక్కర్లేదు. మనిషి గుమ్మం దాటి నాలుగడుగులు వేసేసరికి నంబరు తెలిసిపోతుంది. కొలబద్ద వాళ్ళ నమ్మకం కోసం.

"కాలికి నోరు లేదు కదమ్మా, దాని తరఫున నేను మాట్లాడుతున్నా" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "సాయంత్రం రండి. పొద్దుటి పాదానికి మొహమాటమెక్కువ. దినమంతా తిరిగి ఉబ్బిన పాదమే నిజం చెబుతుంది."

అలాంటి మనిషికి తంటా వచ్చి వచ్చి అరికాళ్ళలోనే వచ్చింది. పన్నెండేళ్ళ షుగరు కాళ్ళ నరాల్ని పట్టుకుంది. నిప్పులమీద నడిచినట్టు మంట. దుప్పటి అంచు తగిలినా భగ్గుమనేది. డాక్టరమ్మ రోజుకు మూడు చొప్పున నరాల మాత్రలు రాసింది. మంట తగ్గింది, నిజమే. కాని కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ముప్పై ఏళ్ళుగా అమ్ముతున్న వస్తువు పేరు నోటికి రాదు. "అదేనమ్మా, బూటుకు కడతామే, సన్నగా, పొడుగ్గా..." అని చేతులు తిప్పుతుంటే, కొనడానికొచ్చిన పిల్ల "లేసా?" అని అందించేది. నిద్రమత్తు కనురెప్పల మీద బస్తా వేసుకుని కూర్చునేది. అన్నిటికన్నా సిగ్గుచేటు, పాదాలు ఉబ్బాయి. ఊరందరికీ నీతులు చెప్పిన మనిషి తన ఏడో నంబరు బూట్లలోకి గరిటె పెట్టి కాళ్ళు తోసుకుంటున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మంట ఎక్కువైన రోజున మరో మాత్ర వేసుకుంటున్న సంగతీ చెప్పలేదు.

దాగనిది ఒక్కటే, నిద్ర. ఒకరోజు బ్యాంకు మేనేజరమ్మ బూట్లకు వచ్చింది. ఆమె మడమ చేతిలోకి తీసుకుని బాబాయి కళ్ళు మూశాడు. ఆమె మర్యాదస్తురాలు. ఇదేదో కొత్తరకం కొలత కాబోలనుకుని నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చుంది. గురక మొదలయ్యాకే అనుమానం వచ్చిందట.

కొట్టు యజమానురాలు చిన్నది. బాబాయిని పనిలో పెట్టుకున్నాయన కూతురు. పక్కకు పిలిచింది.

"బాబాయ్, మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కొన్నాళ్ళు పైన పెట్టెల గది చూసుకోండి."

"పెట్టెలకు కాళ్ళుంటాయా, నేను కొలవడానికి?"

"బడులు తెరిస్తే ఎంత రద్దీ ఉంటుందో మీకు తెలుసు. ఆ రోజుకి పీటమీద మెలకువగా కూర్చునే మనిషి కావాలి నాకు."

"ఎన్నాళ్ళుంది?"

"పది వారాలు."

"అప్పటిదాకా పీట ఎవరికీ ఇవ్వకు."

ఆ పిల్ల వేళ్ళమీద వారాలు లెక్కపెట్టింది. "పది వారాలు ఇవ్వను. ఆ తరవాత మాత్రం నన్ను అడగొద్దు."

బాబాయి ఇంటికెళ్ళి మాత్రల అట్టను చెత్తబుట్టలో పారేశాడు. మాత్ర పోతే మత్తు పోతుంది, ఇందులో పెద్ద శాస్త్రమేముంది అనుకున్నాడు. మొదటిరోజు బాగానే ఉంది. రెండోరోజు చొక్కా పిండితే నీళ్ళు కారేంత చెమట. చేతులు వణికాయి. గుండె అప్పులవాడు తలుపు బాదినట్టు బాదింది. నిద్ర మచ్చుకైనా రాలేదు, మంట మాత్రం వడ్డీతో తిరిగొచ్చింది. మూడోరోజు భార్య గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే గయ్యిమన్నాడు.

"ఆ చెప్పుల చప్పుడు ఆపుతావా లేదా!"

ఆవిడ ఆగి తన కాళ్ళకేసి చూసుకుంది. ఉత్తకాళ్ళు.

"చప్పుడు నా చెప్పులది కాదు, మీ బుర్రది" అంది. దగ్గరికొచ్చి ఆయన మేజోళ్ళు లాగేసింది. చిటికెనవేలి పక్కన రూపాయి బిళ్ళంత బొబ్బ. బాబాయికి తెలియనే తెలియదు. కాలే చోట మంట తెలుస్తోందేగాని, ఒరిసిన చోటు మొద్దుబారిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి కుక్కుతున్నారు వీటిని?"

"ఏడు నా నంబరు."

"పెళ్ళినాటి నంబరు" అని ఆవిడ చెత్తబుట్టలోంచి అట్ట ఏరి, సంచీలో వేసుకుని, ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ బొబ్బకు కట్టు కట్టి అడిగింది. "మాత్రలు రోజుకెన్ని వేసుకుంటున్నారు?"

"మీరు రాసినన్నే. మూడు."

భార్య గొంతు సవరించుకుంది. డాక్టరమ్మ కాగితం కోసం లేచి బీరువా దాకా వెళ్ళొచ్చింది. నాలుగడుగులు. వణుకుతున్నా చెమటోడుతున్నా, బాబాయి కళ్ళు వాటి పని అవి చేశాయి.

"అమ్మా, మీది ఆరున్నర. వేసుకున్నది ఆరు."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "కొట్లో ఆరే ఉందండీ. వాడగా వాడగా సాగుతుందన్నారు."

"మా దగ్గరా అందరూ అదే అంటారు. తోలు సాగదమ్మా, వేళ్ళే ముడుచుకుంటాయి. ఆ అర నంబరు దాచి ఏం బాగుపడతారో నాకిప్పటికీ తెలీదు."

"సరే, నాది ఆరున్నర. ఒప్పుకున్నా" అంది డాక్టరమ్మ కూర్చుంటూ. "ఇప్పుడు మీరు ఒప్పుకోండి. రోజుకెన్ని?"

బాబాయి కట్టుకేసి చూశాడు. భార్యకేసి చూశాడు. ఇన్నేళ్ళుగా తన పీట ముందు కూర్చుని నీళ్ళు నమిలిన వాళ్ళందరూ వరసగా గుర్తొచ్చారు.

"నాలుగు. ఒక్కోరోజు అయిదు. మూడురోజుల్నుంచి సున్నా."

"అదీ సంగతి. అన్ని మాత్రలకు అలవాటుపడ్డ నరాలు ఒక్కసారి ఆపితే బెదిరిపోవూ? ఈ చెమటా వణుకూ అందుకే. దిగుదాం, తప్పకుండా దిగుదాం. కాని మెట్టుమెట్టుకీ ఆగి. ఎప్పుడు దిగాలో చెప్పేది నేను, మీరు కాదు."

"ఎనిమిదికీ ఏడుకీ మధ్య ఏడున్నర ఉన్నట్టా?"

"అచ్చం అంతే."

మళ్ళీ నాలుగు మాత్రలతో మొదలుపెట్టించింది. రెండేసి వారాలకు ఒక మెట్టు, అంటే ఒక మాత్ర తగ్గింపు. కాళ్ళకు బిగువు లేని మెత్తటి చెప్పులు. బాబాయి పెట్టెల గదిలో ఒక పాత బూట్లపెట్టె మూత తీసుకుని, ఏ పూటకాపూట రాయడం మొదలుపెట్టాడు. ఎన్ని మాత్రలు, నిద్ర ఎంత, మంట ఎంత, సాయంత్రానికి పాదం ఎంత. మూతమీద అబద్ధం రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి వారం పాదం దగ్గర తొమ్మిది అని రాసి, ఎవరైనా చూస్తారేమోనని మూత బోర్లించాడు.

మంట ఎక్కి చెయ్యి అదనపు మాత్రకోసం సాగినప్పుడల్లా పెట్టెలు సర్దేవాడు. పసిపిల్లల నంబరు నుంచి పన్నెండు దాకా, మళ్ళీ పన్నెండు నుంచి వెనక్కి. ఒక వరస అయ్యేసరికి మంట తగ్గేది కాదు, కాని ఒక అరగంట గడిచిపోయేది. అరగంటలు కూడబెట్టుకుంటూ పోయాడు. కొట్టు పెట్టిన నాటినుంచి ఆ గది అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

రెండు మాత్రలకు దిగిన మెట్టు దగ్గర చిక్కుపడ్డాడు. నాలుగురోజులు కాళ్ళు కాలిపోయాయి, కడుపులో తిప్పింది. తనంత తాను ఏమీ చెయ్యకుండా డాక్టరమ్మకు ఫోను చేశాడు. "కిందికి దిగొద్దు, పైకి ఎక్కొద్దు. అక్కడే ఇంకో రెండు వారాలు నిలబడండి" అంది ఆమె. తరగతి తప్పిన పిల్లాడిలా మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"ఆగడమంటే వెనక్కెళ్ళడం కాదు కదండీ" అంది భార్య. "బస్సు స్టాపులో ఆగుతుంది. దాన్ని ఎవరైనా ఓడిపోయిందంటారా?"

"పీట పోతే?"

"పోదు. ఆ పిల్ల రోజూ దానిమీద దుమ్ము దులుపుతోంది, నేను చూశా."

బడులు తెరిచే ముందురోజుకి రాత్రిపూట ఒక్క మాత్ర మిగిలింది. అదింకా కొన్నాళ్ళు ఉండాల్సిందేనంది డాక్టరమ్మ. మంట పూర్తిగా పోలేదు, పోతుందని ఆమె మాటివ్వనూ లేదు. ఇప్పుడది ఇంట్లో ఉండే గయ్యాళి చుట్టంలాంటిది. అరుస్తుంది, కాని పని చేసుకోనిస్తుంది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి బాబాయి మెట్లు దిగి పీటమీద కూర్చున్నాడు. యజమానురాలు గల్లాపెట్టె దగ్గర్నుంచి చూసింది. ఇక జనం. పిల్లలు, తల్లులు, "రెండు నంబర్లు పెద్దది ఇవ్వండి, ఎదుగుతాడు" అనే తండ్రులు. మడమ తరవాత మడమ. ఒకామె బూట్లు కట్టించుకుంటూ ఏదో అడిగింది. "లేసులా? ఎడమవైపు రెండో అరలో లేసులమ్మా! నల్లవీ ఉన్నాయి తెల్లవీ ఉన్నాయి లేసులు!" అని బాబాయి వీధి చివరికి వినబడేలా చెప్పాడు. అంత ఆనందం దేనికో ఆమెకు అర్థం కాలేదు.

మధ్యాహ్నం బ్యాంకు మేనేజరమ్మ వచ్చింది. పలకమీద కాలు పెడుతూ, "ఈసారి మేలుకునే కొలుస్తారా?" అంది.

"మీరు నిద్రపోకండి చాలు" అన్నాడు. పాదం కొలిచి, నంబరు చెప్పి, కళ్ళెత్తి చూశాడు. అర నిమిషం పట్టింది.

సాయంత్రం ఆరింటికి కొట్టు పలచబడింది. యజమానురాలు వచ్చి పీట ముందున్న కుర్చీలో కూర్చోకుండా, ఆ కుర్చీని ఆయనవైపు తోసింది.

"లేవండి బాబాయ్. ఇవాళ అందరికీ కొలిచారు. ఇప్పుడు మీరు కాలు పెట్టండి."

ఆ పిల్ల పీటమీద కూర్చుని కొలబద్ద అందుకుంది. బాబాయి చెప్పు విడిచి పాదం ఆనించాడు. బిళ్ళ జరిగే చప్పుడు విన్నాడు. ఆమె కళ్ళెత్తింది. నంబరు ఆయన్నే చెప్పనిచ్చింది.

"పొద్దున కొలిస్తే ఏడున్నర" అని మొదలుపెట్టాడు. ఆగాడు. "ఎనిమిది. వెడల్పుది" అన్నాడు గట్టిగా.

"పైన ఎక్కడున్నాయో వెతకాలి."

"వెతకడమెందుకు? మూడో వరస, కింద నుంచి రెండో పెట్టె."

తెచ్చింది. వేసుకుని నాలుగడుగులు నడిచాడు. అరికాళ్ళలో మంట ఉంది. బూట్లలో వేళ్ళు మాత్రం ఏడాది తరవాత విడివిడిగా ఉన్నాయి. వెనక్కి వచ్చేసరికి ఆ పిల్ల పీట ఖాళీచేసి లేచి నిలబడింది. బాబాయి దాన్ని గోడవారకు జరిపి, ఇత్తడి కొలబద్దను మర్నాటి కోసం చొక్కా కొసతో తుడిచి పెట్టాడు.