ఏరు మా వైపు తిరిగింది

అది చిన్నా చితకా వాన కాదు. మా పడమటి కొండ సగం విరిగి, చెట్లూ బండలూ మట్టీ కలగలిసి లోయలోకి జారిపోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు, గొర్రెల దొడ్డి ఒకటి పోయింది. దేవుడికి దండం పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నాం. తెల్లవారి చూస్తే అసలు సంగతి తెలిసింది. పాత దారి మూసుకుపోయి ఏరు మా వైపు తిరిగింది.

ఏటికి అవతలి ఊరు మా మేనత్తది. నాయనకు ఆమె ఒక్కగానొక్క చెల్లెలు. వాళ్ళ పొలాల మీద రాళ్ళూ ఇసుకా మేట వేశాయి. ఏరు దూరమయ్యేసరికి బావులూ ఎండిపోయాయి. మా బావులేమో చెంబుతో ముంచుకునేంత పైకి వచ్చాయి. వేరుశనగ తప్ప ఎరగని మా మెట్ట చేలల్లో వరి నాటాం. అవతలి వాళ్ళను తలచుకుని అయ్యో అంటూనే నాటాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఆ ఏడు మా ఊళ్ళో అందరి మొహాలూ కళకళలాడాయి.

కొన్నాళ్ళకు తిరుపతి నుంచి ఒక ఇంజనీరు వచ్చి రెండు ఊళ్ళనూ కూర్చోబెట్టాడు. కూలిన మట్టిని ఒక పక్క కోస్తే సగం నీళ్ళు మళ్ళీ పాత దారిన పోతాయని, అందరూ ఒప్పుకుంటే పని మొదలుపెడతామని చెప్పాడు. మా వాళ్ళంతా నాయన వైపు చూశారు.

“వద్దు సార్. దాన్ని కదిలిస్తే మిగిలిన కొండ గూడా మీద పడతాది. బిడ్డలు గలోళ్ళం,” అన్నాడు నాయన.

అంత ప్రమాదం లేదని ఇంజనీరు ఎంత చెప్పినా వినలేదు. భయమా, పాడా! ఆ మట్టి దిబ్బ మీదే రోజూ మా గేదెలను మేపుతున్నాడు. అత్త అక్కడే ఉంది. ఊరి ముందర అన్నను ఎదిరించే మనిషి కాదు. కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

కొత్త పంట చేతికొస్తే మాలో ముందు ఆడబిడ్డ ఇంటికి ఒక మూట పంపాలి. నాయన ఎప్పుడూ తానే మోసుకుపోయేవాడు. ఈసారి నడుము నొప్పి అని నన్ను పంపాడు.

అత్త గుప్పెడు బియ్యం తీసుకుని చూసింది. “బాగుండాయిరా అబ్బోడా. నీళ్ళు బాగా తాగిన పైరు,” అనింది. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉన్నా బాగుండేదనిపించింది.

తెచ్చిన సంచిని ఉత్తగా తిప్పి పంపడం మా ఇళ్ళల్లో లేదు. ఇదివరకైతే తమ చేలో చెరుకు ఆడించి వండిన బెల్లం పెట్టేది. ఇప్పుడు చెరుకెక్కడిది? నన్ను కూర్చోమని పెరటి దారిన అంగడికి పోయి బెల్లం కొనుక్కొచ్చింది. ప్లాస్టిక్ కవరు విప్పి చాటుగా పొయ్యిలో పడేసి, బెల్లం మాత్రం సంచిలో వేసింది. నేను చూడలేదనుకుంది. నేనూ చూడనట్టే ఉన్నాను.

ఇంటికొచ్చాక నాయన ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.

“ఇది వాళ్ళ బెల్లం గాదే. యాడిది?”

“అంగడిది నాయనా. వాళ్ళకు చెరుకు యాడుండాది? కొనుక్కొచ్చి పెట్టింది.”

నమలడం ఆగిపోయింది. ఇంజనీరును మళ్ళీ పిలుద్దామంటాడేమోనని నాకు ఆశ పుట్టింది. నాయన మిగిలిన బెల్లాన్ని సంచిలో పెట్టి మూతి కట్టాడు.

“వచ్చే పంటకు మూట పంపొద్దులే. పాపం, దానికి ఇబ్బంది,” అన్నాడు.

నీళ్ళ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అమ్మ అన్నానికి పిలిస్తే ఇద్దరం లేచి వెళ్ళాం.