పాక్ సుమర్దియో గారి కదిలే పేజీలు

పేజీలో బొమ్మ కదలకుండా ఉంటే పాక్ సుమర్దియోకు ప్రాణం ఒప్పేది కాదు. జొగ్జా నగరంలోని విశ్వవిద్యాలయంలో ఆయన అలల గురించి పాఠం చెప్పేవారు. అల అన్నాక కదలాలి కదా అని మొదట్లో అందరూ సరిపెట్టుకున్నారు. తీరా చూస్తే ఆయన సెలవు చీటీ కూడా కదిలేది.

ఆ కదలికలన్నిటికీ బలైన మనిషి బు వెనింగ్. అక్కడ మగవాళ్లను పాక్ అని, ఆడవాళ్లను బు అని గౌరవంగా పిలుస్తారు. భౌతికశాస్త్ర శాఖ పరీక్ష పత్రాలు, నివేదికలు, సమావేశాల తీర్మానాలు అచ్చుపుస్తకంలా తీర్చిదిద్ది పీడీఎఫ్ చేయడం ఆమె పని. పద్నాలుగేళ్లుగా అదే బల్ల. తొమ్మిదేళ్లుగా అదే కంప్యూటరు. పొద్దున అది కళ్లు తెరిచేలోగా ఆమె ఒక గ్లాసు అల్లం టీ తాగేసేది. పాక్ సుమర్దియో ఫైలు తెరవాల్సి వస్తే రెండో గ్లాసు కూడా తాగేది.

ఆయన చేసే పని చెప్పడానికి తేలికే. ఒక అలకు అరవై బొమ్మలు గీస్తారు. అరవైనీ పేజీలో ఒకే చోట ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. నొక్కితే అవి వరసగా ఒక్కొక్కటే పైకొచ్చి అల నడిచినట్టు కనిపిస్తుంది. చిక్కేమిటంటే, పీడీఎఫ్ తెరిచే ప్రోగ్రాములు పది ఉంటే ఆ అల నడిచేది ఒక్కదానిలోనే. ఫోనులో నడవదు. అచ్చు వేస్తే అసలే నడవదు, మొదటి బొమ్మ మాత్రం పడుతుంది.

"పాక్, మీ ఫైలులో బొమ్మ ఆడటం లేదు," అని ఎవరైనా అంటే ఆయన దగ్గర ఉన్న జవాబు ఒక్కటే.

"నొక్కారా?"

"నొక్కాను."

"గట్టిగా నొక్కారా?"

ఒకసారి మేనకోడలి పెళ్లికి సోలో అనే ఊరు వెళ్లడానికి సెలవు అడిగారు. సెలవు చీటీలో రైలు బొమ్మ పెట్టారు. నొక్కితే రైలు జొగ్జా నుంచి సోలో దాకా వెళ్లి, రెండు రోజులకు తిరిగొస్తుంది. శాఖాధిపతి బు ప్రిహతిన్ దాన్ని అచ్చు తీయించుకుని చూసింది. రైలు జొగ్జా స్టేషన్లోనే ఉంది.

"ఈయన వెళ్తున్నట్టా, వెళ్లనట్టా?" అని వెనింగ్‌ను అడిగింది.

"వెళ్తున్నట్టే బు. కాగితం మీద బయల్దేరలేదు, అంతే."

ఇంకోసారి పరీక్ష పత్రంలో ఊగే లోలకం పెట్టి, దాని వేగం చెప్పమన్నారు. పిల్లల చేతికి వెళ్లింది కాగితం. ఒక పిల్లవాడు 'ఇది కదలడం లేదు కనుక వేగం సున్నా' అని రాశాడు. పాక్ సుమర్దియో రోజంతా ఆలోచించి వాడికి పూర్తి మార్కులు వేశారు. మిగతా ఎనభై మంది వచ్చి వెనింగ్ బల్ల ముందు నిలబడ్డారు, ఆ పత్రం కూర్చింది ఆమే కాబట్టి.

శాఖలో మధ్యాహ్నం భోజనానికి ఏం తెప్పించాలో రాసిన చీటీలో సోతో అనే కోడిచారు గిన్నె మీద ఆవిరి లేచేది. ఆ చీటీ ముప్పై మెగాబైట్లు. అది తెరుచుకునేసరికి వీధి చివర దుకాణంలో సోతో అయిపోయింది. ఆ రోజు అందరూ పులిసిన సోయా గింజలతో చేసే టెంపే వేపుడుతో సరిపెట్టుకున్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫైలు పంపాక ఆయన స్వయంగా మెట్లు దిగి రావడం ఒక ఎత్తు. వచ్చి, వెనింగ్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడేవారు.

"తెరుచుకుందా బు?"

"తెరుచుకుంటోంది పాక్. నేను రిటైరయ్యేలోపు తెరుచుకుంటుంది."

"ఎంతసేపైంది?"

"పదకొండు నిమిషాలు."

ఆయన జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి 'పదకొండు' అని రాసుకునేవారు. మర్నాడు అదే ఫైలు కాస్త తగ్గించి మళ్లీ పంపేవారు. అది పది నిమిషాల్లో తెరుచుకునేది. ఆయన 'పది' అని రాసుకుని, పరీక్ష ప్యాసైనట్టు మొహం పెట్టుకుని వెళ్లిపోయేవారు. తనను ఎగతాళి చేస్తున్నారని వెనింగ్ అనుకునేది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి. అది సాయంత్రానికి ఆమె దగ్గర మిగిలేది కాదు.

"వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టి, లింకు ఇవ్వచ్చు కదా పాక్. ప్రపంచమంతా అదే చేస్తోంది," అని ఒకసారి అడిగింది.

"లింకు ఇంకోడి ఇంట్లో దీపం బు. వాడు ఆర్పేస్తే మనం చీకట్లో ఉంటాం. పేజీ అయితే మన జేబులో ఉంటుంది."

"మీ పేజీ జేబులో పట్టదు పాక్. దానికి బండి కావాలి."

ఆయన నవ్వి, ఆ మాట కూడా రాసుకున్నారు.

ఆ ఏడాది శాఖకు గుర్తింపు మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. నాలుగు వందల పేజీల నివేదిక గడువు రోజు సాయంత్రం నాలుగు గంటల్లోపు పంపాలి. పంపకపోతే వచ్చే ఏడు కొత్త విద్యార్థులను చేర్చుకోవడానికి వీల్లేదు. ఫైలు ఇరవై మెగాబైట్లు దాటకూడదు. మూడు వారాలుగా వెనింగ్ ఆదివారాలు కూడా వదలకుండా కూర్చుని, మొత్తం పద్దెనిమిదికి కుదించింది. ఆ రోజు పొద్దున పాక్ సుమర్దియో తన విభాగం సరిచేసి పంపారు. దాన్ని కలపగానే నివేదిక మూడు వందల పది అయింది.

ఆమె కంప్యూటరు ఒకసారి ఆగిపోయింది. రెండోసారి ఆగిపోయింది. మూడోసారి ఆగినప్పుడు గంట మూడైంది. బు ప్రిహతిన్ వచ్చి గడియారం చూసుకుంటూ గుమ్మంలో నిలబడింది.

వెనింగ్ ఆయన బొమ్మలన్నీ పీకేసింది. పదిహేడు అలలు, రెండు లోలకాలు, ఒక సునామీ. వాటి స్థానంలో కదలని బొమ్మలు అతికించింది. నాలుగుకు పది నిమిషాలుండగా నివేదిక వెళ్లిపోయింది. బు ప్రిహతిన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఇంటికెళ్లి పడుకో," అంది.

కానీ ఆమె ఇంటికి వెళ్లలేదు. చేసిన పని తన నోటితో చెప్పడం మర్యాద అనిపించింది. కాళ్లీడ్చుకుంటూ రెండంతస్తులు ఎక్కింది.

గదిలో ఆయన లేరు. ఒక నల్లటి పొడుగాటి మనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో అట్టపెట్టె, దాని నిండా పెన్‌డ్రైవులు. ఆమెను చూసి లేచాడు.

"పాక్ సుమర్దియో ఇప్పుడే కిందికెళ్లారు. నేను యెర్మియాస్, ఆలోర్ దీవిలో స్కూలు టీచర్ని. మీరు?"

"వెనింగ్. కింద ఆఫీసులో చేస్తాను."

అతను పెట్టె కింద పెట్టి ఆమెను తేరిపార చూశాడు.

"బు వెనింగా? మీరు నిజంగా ఉన్నారా?"

"ఉన్నాననే అనుకుంటున్నాను. ఈ రోజు అంత నమ్మకంగా చెప్పలేను."

"పాక్ సుమర్దియో కల్పించిన పేరేమోనని మాకో అనుమానం," అన్నాడు యెర్మియాస్. బల్ల మీద కంప్యూటరులో ఒక ఫైలు తెరిచి, చివరి పేజీ చూపించాడు. అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది: 'బు వెనింగ్ పరీక్షించారు. తొమ్మిది నిమిషాలు.'

ఇంకో ఫైలు తెరిచాడు. 'బు వెనింగ్ పరీక్షించారు. ఆరు నిమిషాలు.'

అలాంటివి నూట నలభై ఉన్నాయి. దీవుల్లో నలభై స్కూళ్లు వాటితోనే పాఠం చెప్పుకుంటున్నాయి. అక్కడ ఇంటర్నెట్ లేదు. పదిహేను రోజులకొకసారి పడవ వస్తుంది. ఏవో ఆఫీసులు పారేసిన కంప్యూటర్లను ఊరి జనరేటరు మీద రోజుకు రెండు గంటలు నడుపుతారు.

"సునామీ ఎలా వస్తుందో మాటల్లో చెబితే మా పిల్లలు నమ్మరు బు. సముద్రం వెనక్కి పోతే చేపలు ఏరుకోవడానికి పరిగెత్తుతారు. ఈ బొమ్మ చూశాక కొండవైపు పరిగెత్తాలని నేర్చుకున్నారు."

వెనింగ్ కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం తను పీకేసిన వాటిలో అది కూడా ఉంది.

అప్పుడే పాక్ సుమర్దియో కాగితం పొట్లంలో వేడివేడి టెంపే పట్టుకుని వచ్చారు. ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"మీ బొమ్మలన్నీ తీసేసి పంపాను పాక్."

"మంచి పని చేశారు. పంపాల్సింది అవి కావు. పొద్దున పొరపాటున వేరే ఫైలు పెట్టేశాను. అది చెప్పడానికే కిందికి వెళ్లాను, అప్పటికే మీరు లేరు."

"ఇన్నేళ్లూ నా చేత ఈ పరీక్షలు చేయిస్తున్నారా? ఆ సెలవు చీటీ? ఆ సోతో గిన్నె?"

"ఈ ఊళ్లో ఆ దీవుల కంప్యూటర్లంత ముసలిది మీ దగ్గరే ఉంది బు. అందులో తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకుంటుంది."

"ముందే చెబితే నేనేమన్నా కాదంటానా?"

ఆయన టెంపే పొట్లం ఆమె ముందు పెట్టారు.

"చెబితే మీరు మొహమాటానికి బాగుందనేవారు. పిల్లలు అలా అనరు, విసుగొస్తే లేచి వెళ్లిపోతారు. నాకు మీ విసుగు కావాలి బు. ఈ శాఖలో ఎంతమంది విసుక్కున్నా, ఫలానా చోట విసుగొచ్చిందని చెప్పేది మీరొక్కరే."

తిట్టాలో పొంగిపోవాలో వెనింగ్‌కు తెలియలేదు. రెండిటికీ ఓపిక లేక ఒక టెంపే ముక్క తీసుకుంది.

యెర్మియాస్ సంచిలోంచి ఒక కవరు తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె చిరునామా తెలియక స్కూల్లోనే దాచిన ఉత్తరం అన్నాడు. పెన్సిలు రాత.

'బు వెనింగ్ గారికి. మీరు ప్రతి అలనూ చూశాకే మాకు పంపిస్తారని మా సారు చెప్పారు. పదిహేనో పాఠంలో అల కుడివైపు నుంచి వస్తోంది. మా ఊళ్లో ఎడమవైపు నుంచి వస్తుంది. మీరు చూసుకోలేదనుకుంటాను. దయచేసి సరిచేయగలరు. ఇట్లు, మర్లిన్, ఆరో తరగతి.'

వెనింగ్ దాన్ని రెండుసార్లు చదివి ఆయనకు అందించింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చదివారు.

"ఎటు నుంచి వచ్చినా లెక్క ఒకటే బు. భౌతికశాస్త్రంలో తేడా ఏమీ లేదు."

"శాస్త్రానికి లేదేమో. ఆ పిల్లకు ఉంది. తిప్పండి."

"అరవై బొమ్మలు మళ్లీ గీయాలి."

"గీయండి. నేను టీ తాగుతాను."

ఆయన చొక్కా చేతులు పైకి మడిచి కంప్యూటరు ముందు కూర్చున్నారు. యెర్మియాస్ టీ తేవడానికి వెళ్లాడు. వెనింగ్ ఆయన బల్ల మీదున్న తెల్లకాగితం ఒకటి లాక్కుని, 'అమ్మాయీ మర్లిన్, నువ్వు చెప్పింది నిజమే, నేను చూసుకోలేదు,' అని జవాబు మొదలుపెట్టింది.