సున్నా పాయింట్ తొమ్మిది

కాశీబుగ్గలో నేను పనిచేసే చిన్న ల్యాబ్‌లో రక్తపరీక్ష యంత్రం ఇప్పటికీ బాగానే ఉంది. దాన్ని నడిపే పాత కంప్యూటరే పోయిన వానాకాలంలో పాడైపోయింది. అందులోని ప్రోగ్రాం కొత్త కంప్యూటర్లలో తెరుచుకోదు. మెకానిక్ వచ్చి, కొత్తదాన్ని పాతదానిలా నడిపించే ఎమ్యులేటర్ ఎక్కించి వెళ్లాడు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, అన్నీ మునుపటిలాగే వచ్చాయి.

అతను వెళ్లిన మధ్యాహ్నమే, ఇంకా ఎవరి రక్తమూ పెట్టకముందే, నా భర్త క్యారేజీ ఇవ్వడానికి వచ్చాడు. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానంలో జీడితోట చేసుకునే మనిషి. వాళ్లన్నయ్యకి డయాలసిస్ మొదలైనప్పటి నుంచి పరీక్ష చేయించుకోమని నేను బతిమాలడం, ఆయన తప్పించుకోవడం. ఆ రోజు ఎందుకో తనే చొక్కా చెయ్యి మడిచాడు.

"కొత్త కంప్యూటర్ కదేటి, నా రగతం ఎట్టి సూడు."

కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ 0.9 వచ్చింది; 1.3 దాటితేనే భయం.

"సూసినావా? నాకేటి నేదు. ఊరికే బయపెట్టి సంపేత్తన్నావు" అని నవ్వుకుంటూ బజారుకు వెళ్లాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

నిజానికి విలువ ముందే తెలిసిన కంట్రోల్ ద్రవాన్ని అన్నిటికంటే ముందు పెట్టి చూడాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా చల్లదనం వదిలేదాకా నేనే ఆగలేకపోయాను. ఇప్పుడు పెట్టాను. రెండు రావాల్సింది ఒకటి వచ్చింది. మళ్లీ పెట్టినా ఒకటే.

మెకానిక్‌కి ఫోన్ చేశాను. "పాత ప్రోగ్రాం కొత్తదాంట్లో పరిగెడతన్నాది మేడమ్, స్పీడు తగ్గించాల" అని, ఎక్కడ తగ్గించాలో చెప్పాడు. నిమిషంపాటు గమనించాల్సిన రంగును అది అరనిమిషంలోనే చూసి ముగిస్తోందట. తగ్గించాక కంట్రోల్ సరిగ్గా రెండు చూపించింది.

ట్యూబులో ఆయనది ఇంకా మిగిలి ఉంది. పారబోస్తే ఆ 0.9 అలాగే ఉండిపోతుంది కదా అనిపించింది. దాన్నే మళ్లీ యంత్రంలో పెట్టాను.

1.8.

ఆయన బారువ తీరపు ఎండుచేపల పొట్లంతో తిరిగొచ్చాడు. "ఏటలాగున్నావు?"

"బావా, ఇందాకటిది తప్పు."

తెర మీది అంకెను వేలితో చూపించాడు. "మరి ఇది తప్పు కాదని ఏటి నమ్మకం?"

మర్నాడు టెక్కలిలో ఇంకో ల్యాబ్‌కి తీసుకెళ్లాను. అక్కడా అంతే వచ్చింది. మందులు మొదలయ్యాయి. అంకె ఇంకా పెరగలేదు గానీ, ఆయన ట్యూబు పెట్టిన ప్రతిసారీ యంత్రం ఆగేదాకా గోడవైపు తిరిగి నిలబడతాను. ఇంకో భయం కూడా ఉంది, ఎవరికీ చెప్పనిది. ఆ మధ్యాహ్నం ముందు వచ్చింది వేరే ఎవరైనా అయ్యుంటే, 0.9 అని నేనే రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ధైర్యంగా ఊరు వెళ్లిపోయేవారు.