పదిహేనో కాగితం

పున్నమ్మ ఆయాసంతో మూడోసారి చేరిన మర్నాడు, కేసుషీటులో డాక్టరు గారు ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. చెప్పినా పాటించే మనిషి కాదని దాని అర్థం. గుండె నీరసించి ఒంటికి నీరు పడుతున్న రోగి. ఇంకోసారి ఇలా వస్తే తమ చేతుల్లో ఉండదని కూడా చెప్పి వెళ్లారు.

స్టాఫ్ నర్సు తెరేసమ్మకు ఆ వాక్యంలో తప్పేమీ కనబడలేదు. బెజవాడలోని ఆ ఆసుపత్రిలో ఆమెది ఇరవై రెండేళ్ల సర్వీసు. ఉప్పు పూర్తిగా మానాలని, అర్థమైందా అని, పున్నమ్మను ఇంటికి పంపిన రెండుసార్లూ తానే అడిగింది. రెండుసార్లూ పున్నమ్మ గంగిరెద్దులా తలూపింది.

ఆ వాక్యం పున్నమ్మ భర్త భావనారాయణ కంటబడింది; వార్డులో ఎవరినో అడిగి అర్థం చెప్పించుకున్నాడు. పామర్రులో బట్టల కొట్టు నడిపే ఆయన ఏ కాగితాన్నీ పారేయడు. ఆవిడ ఆసుపత్రి కాగితాల ఫైలు తెచ్చి తెరేసమ్మ బల్లమీద పరిచాడు.

"ఇవి పద్నాలుగున్నాయండీ. అన్నీ ఇంగ్లీషే. మీరు చెప్పిందేది, మేం తప్పిందేది? ఆర్నెల్లుగా మా ఇంట్లో కూరలో ఉప్పు పడలేదు. ఆవిడతోపాటు నేనూ చప్పిడే తింటున్నా."

తాను చెప్పానన్న మాట తెరేసమ్మ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆయన అబద్ధమాడే మనిషిలా లేడు. ఆమె మంచం దగ్గరికి వెళ్లి, ఇంటి దగ్గర రోజూ ఏమేం తింటుందో చెప్పమని పున్నమ్మను అడిగింది. ఆర్నెల్లలో ఆ ప్రశ్న అడిగినవారు లేరు.

పున్నమ్మ ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపింది. "చప్పిడి కూరతో ముద్ద దిగదు కదమ్మా. అందుకని మాగాయ ముక్క నంజుకుంటా. మజ్జిగన్నంలోకి ఊరమిరపకాయ. ఉప్పు డబ్బా మాత్రం ముట్టుకోలా."

భావనారాయణ తల దించుకున్నాడు. ఆ మాగాయలో ఎంత ఉప్పు పడిందో పున్నమ్మకు తెలియక కాదు, వేసవిలో తన చేత్తోనే కలిపింది. కాని ఆమె లెక్కలో ఉప్పంటే డబ్బాలోది, ఊరగాయంటే ఊరగాయ. పెద్ద చదువులు చదివిన వాళ్ల ముందు ఎదురు ప్రశ్న వేయడం మర్యాద కాదని పెరిగిన మనిషి, తలూపి ఊరుకుంది. అలాంటి తలూపుడునే తెరేసమ్మ ఇరవై రెండేళ్లుగా అర్థమైనట్టు రాసుకుంటూ వచ్చింది. ఇంకెందరు అలా తలూపి వెళ్లారో!

కేసుషీటులోని ఆ వాక్యం కొట్టేయమని డాక్టరు గారిని అడిగింది. రికార్డు దిద్దకూడదన్నారాయన. అయితే దాని కిందే తెలుగులో రాసింది: "ఉప్పు మానమని చెప్పాము. ఊరగాయ సంగతి చెప్పలేదు, అడగలేదు. పొరపాటు మాది." తేదీ వేసి సంతకం చేసింది.

భావనారాయణ నకలు అడిగాడు. అది రేపు తన మెడకే చుట్టుకోవచ్చని తెలిసీ తెరేసమ్మ ఇప్పించింది. ఆయన దాన్ని పదిహేనో కాగితంగా ఫైల్లో పెట్టాడు.

"మరి అన్నం దేంతో తినమంటావమ్మా?" అంది పున్నమ్మ.

పదిహేను కాగితాల్లోనూ దానికి జవాబు లేదు. తెరేసమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది.